పాత ట్రామ్‌ల జాడ తీయడం ఎలా: తారు కింది పట్టాల నుంచి పెరట్లో మిగిలిన పెట్టె దాకా

ఒక ఊళ్లో ట్రామ్‌లు ఆగిపోయి అరవై, డెబ్భై ఏళ్లయినా వాటి జాడ పూర్తిగా పోదు. ఎందుకు పోదో అర్థమైతే వెతకడం సగం తేలికవుతుంది. లైన్లు మూసేశాక మిగిలినవాటిని చాలాచోట్ల ఎవరూ ప్రేమగా దాచిపెట్టలేదు. తీయడానికి ఖర్చెక్కువ, అమ్మితే వచ్చేది తక్కువ అనిపించిన వాటిని ఉన్నచోటే వదిలేశారు, అంతే. రాగి తీగకు ధర పలుకుతుంది కాబట్టి అది ముందే మాయమైంది. స్తంభం మీద వీధి దీపం పెట్టుకోవచ్చు కాబట్టి అది నిలబడింది. పట్టా తీయాలంటే రోడ్డంతా తవ్వాలి కాబట్టి దాని మీదే తారు పోశారు. మోటార్లు, చక్రాలు తుక్కు వ్యాపారి కొనుక్కున్నాడు, జనం కూర్చునే చెక్క పెట్టెను మాత్రం ఎవరో రైతు కోళ్ల షెడ్డుకని పట్టుకుపోయాడు. కాబట్టి వీధిలో నిలబడి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ తీయడం కంటే వదిలేయడమే చౌకగా పడిన వస్తువు ఏది? ఇక్కడ రాసిన పద్ధతంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాగితం పని

ఈ భాగం విసుగ్గా ఉంటుంది, కానీ దాటేశారంటే రోజంతా వీధుల వెంట ఊరికే తిరగాల్సి వస్తుంది. ట్రామ్‌లు జోరుగా నడిచిన రోజుల నాటి పెద్ద స్కేలు పటం ఒకటి, మూసేశాక వేసిన పటం ఒకటి సంపాదించండి. బ్రిటన్ ఊళ్లకైతే స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం పాత సర్వే పటాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద వాటిని పరిచి చూసుకోవచ్చు. అమెరికా నగరాలకు అగ్నిప్రమాద బీమా కోసం శాన్‌బోర్న్ కంపెనీ వేసిన పటాలున్నాయి, వాటిలో డిపో గోడ ఇటుకదా చెక్కదా అన్నది కూడా రంగుల్లో తెలుస్తుంది. పటం మీద నాలుగే గుర్తులు పెట్టుకోండి: డిపో, చివరి స్టాపు, లైన్లు కలిసే కూడలి, వంతెన. మిగిలిన దారంతా ఈ నాలుగింటి మధ్య కలుపుకోవడమే.

పటం దొరకకపోతే బస్సు నంబర్లు చూడండి. ట్రామ్ తీసేసిన చోట చాలాసార్లు అదే దారిలో, అదే నంబరుతో బస్సు పెట్టారు. డబ్లిన్‌లో ఇది బాగా కనిపిస్తుంది, అక్కడ తొలి బస్సులు ట్రామ్ రూట్ల నంబర్లనే తీసుకున్నాయి. కరెంటు సంస్థల పాత రికార్డులూ పనికొస్తాయి. చాలా నగరాల్లో ట్రామ్ కంపెనీయే కరెంటు కంపెనీ కూడా. బొంబాయిలో చివరి ట్రామ్ 1964 మార్చి 31న ఆగిపోయినా, దాన్ని నడిపిన బెస్ట్ సంస్థ ఇప్పటికీ ఒక చేత్తో బస్సులు, ఇంకో చేత్తో కరెంటు సరఫరా చూస్తోంది. అలాంటి సంస్థల దగ్గర సబ్‌స్టేషన్ల పాత ప్లాన్లు ఉండే అవకాశం ఎక్కువ, అడగడంలో తప్పులేదు.

వీధిలోకి దిగాక డిపోతో మొదలుపెట్టండి

నేనైతే ఎప్పుడూ డిపో దగ్గరే మొదలుపెడతాను. భవనం పెద్దది, గట్టిది, గోడౌనుగానో బస్సు గరాజుగానో వాడుకోవడానికి అనువుగా ఉంటుంది కాబట్టి పడగొట్టకుండా వదిలేసిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఒకే వరసలో, ఒకే కొలతలో, ఎత్తుగా సన్నగా ఉన్న తలుపులు కనిపిస్తే అది డిపో అయ్యుండొచ్చు. లోపల నేలలో పొడవాటి గుంతలు ఉంటాయి, బండి కింద మనిషి నిలబడి పని చేసుకోవడానికి. కొన్నిచోట్ల వాటిని సిమెంటుతో పూడ్చేసినా అంచుల గీత తెలుస్తుంది. అన్నింటికంటే ముందు డిపో ముందున్న ఆవరణ చూడండి. అది మున్సిపాలిటీ రోడ్డు కాదు, కాబట్టి ఏటా తారు వేసేవాళ్లు ఉండరు, రాళ్ల మధ్య పట్టాలు ఒక్క లైను నుంచి విసనకర్రలా విడిపోతూ తలుపుల దాకా వెళ్లడం అక్కడే దొరుకుతుంది.

సిడ్నీలో రోజెల్ డిపో చాలా ఏళ్లు పాడుబడి, 2016లో ట్రామ్‌షెడ్స్ పేరుతో షాపింగ్ కేంద్రంగా తెరుచుకుంది, పాత బండి ఒకటి లోపలే నిలబెట్టారు. అదే నగరంలో బెన్నెలాంగ్ పాయింట్ దగ్గరున్న కోట ఆకారపు డిపోను మాత్రం పూర్తిగా పడగొట్టారు, ఇప్పుడు ఆ జాగాలో ఉన్నది ఒపెరా హౌస్. జాగా విలువ పెరిగిన చోట ఏమీ మిగలదు. కాబట్టి నగరం నడిబొడ్డు డిపో కంటే శివారు డిపోకు ముందు వెళ్లండి.

డిపో నుంచి లైను వెంట నడుస్తూ రోడ్డు ఆకారం గమనించండి. కారణం లేకుండా వెడల్పైపోయిన మలుపు, మూలకు కోసేసినట్టున్న భవనం, రెండు రోడ్ల మధ్య అవసరానికి మించి వెడల్పుగా ఉన్న గడ్డి పట్టీ, ఊరి చివర ఉన్నట్టుండి వెడల్పై ఆగిపోయే వీధి, ఇవన్నీ అనుమానించాల్సినవే. లివర్‌పూల్‌లో 1914 నుంచి రోడ్డు మధ్య గడ్డి పరిచి ట్రామ్‌లకు ప్రత్యేకంగా దారి వేశారు, 1957లో ట్రామ్‌లు పోయాక కూడా కొన్ని రోడ్ల మధ్య ఆ వెడల్పు అలాగే ఉండిపోయింది. చెట్లు నాటి ఉన్నా మోసపోకండి, చెట్ల వయసు చూడండి.

గోడలు, స్తంభాలు

నాకు అన్నింటికంటే ఇష్టమైన ఆనవాలు గోడకు బిగించిన కొక్కెం. ఇరుకు వీధుల్లో స్తంభం పాతే చోటు ఉండదు కాబట్టి, కరెంటు తీగను మోసే అడ్డతీగలను రెండువైపులా ఇళ్ల గోడలకే కట్టేవారు. దగ్గర్నుంచి చూస్తే అరచేతి కంటే కాస్త పెద్దదైన పోత ఇనుప పళ్లెం, పువ్వు రేకుల్లా అంచులు, మధ్యలో ఉబ్బు, దాంట్లోంచి బయటికొచ్చిన కొక్కెం లేదా రింగు. ఎన్నోసార్లు గోడతోపాటే రంగు వేసేయడంతో అంచులు మొద్దుబారిపోయి అలంకారం అనుకునేలా ఉంటుంది. కొక్కెం కింద గోడ మీద తుప్పు నీరు కారిన గీత చాలాసార్లు ముందు కనిపిస్తుంది.

వీటిని పట్టుకోవాలంటే మొదటి అంతస్తు కిటికీల పైన చూడాలి, అదీ వీధికి అవతలివైపు నుంచి, ఎండ ఏటవాలుగా పడే ఉదయం లేదా సాయంత్రం. చిన్న బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది. ఒకటి కనిపించగానే సరిగ్గా ఎదురు గోడ మీద జంట కోసం చూడండి, తర్వాత లైను వెంట 30, 40 మీటర్ల దూరంలో తర్వాతి జంట కోసం. వరస దొరికితే అది తీగల దారే. గోడ బయటికి ఒరగకుండా బిగించే ఇనుప పళ్లేలు కూడా ఇలాగే ఉంటాయి, కానీ వాటికి కొక్కెం ఉండదు, అవి అంతస్తు మట్టంలో ఉంటాయి, ఎదురుగా జంట ఉండాల్సిన పని లేదు. యూరప్ నగరాల్లో వీధి దీపాలను కూడా ఇలాంటి కొక్కేలకే వేలాడదీస్తారు, కాబట్టి గోడను ఒక్కదాన్నే నమ్మకుండా పటంతో సరిచూసుకోండి.

స్తంభాలు గుర్తుపట్టడం తేలిక. మూడు గొట్టాలను ఒకదాంట్లో ఒకటి దించినట్టు కింద లావుగా, పైకి పోయేకొద్దీ మెట్టు మెట్టుగా సన్నబడుతుంది, ప్రతి మెట్టు దగ్గర ఒక కంకణం. అడుగున పోత ఇనుప దిమ్మ, దాని మీద కంపెనీ పొడి అక్షరాలో నగర చిహ్నమో ఉండొచ్చు. మామూలు దీపస్తంభానికి అంత లావు అక్కర్లేదు, ఈ స్తంభం తీగల లాగుడుకు తట్టుకోవడానికి చేసింది, కొన్నిసార్లు వీధికి వెనక్కి కొద్దిగా వాలి కూడా ఉంటుంది. పేవ్‌మెంట్ అంచున తాళం వేసిన లావుపాటి ఇనుప పెట్టెలు కనిపిస్తే, అవి ట్రామ్ తీగలకు కరెంటు అందించినవి కావచ్చు, వాటి మీది అక్షరాలు కూడా ఫొటో తీసుకోండి.

రోడ్డు కింద ఉన్నది

తారు కింద పట్టాలుంటే రోడ్డే చెబుతుంది. రెండు పగుళ్లు, ఒకదానికొకటి సమాంతరంగా, ఎంత దూరమైనా అదే ఎడంతో సాగుతుంటే కింద ఇనుము ఉందని గట్టిగా అనుమానించొచ్చు, ఎందుకంటే పట్టా మీద తారు ఒకలా, పక్కనున్న నేల మీద ఇంకొకలా కదులుతుంది. నీటి పైపు కోసమో మెట్రో కోసమో గొయ్యి తవ్వినప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి, గొయ్యి రెండు రోజుల్లో పూడిపోవచ్చు. ముంబైలో ఫ్లోరా ఫౌంటెన్ మరమ్మతులు చేస్తున్నప్పుడు కింద పాత ట్రామ్ పట్టాలు ఇలాగే బయటపడ్డాయి.

దొరికిన పట్టా ట్రామ్‌దేనా, పక్కనున్న మిల్లుకో రేవుకో వెళ్లిన రైలు సైడింగా అని తేల్చుకోవాలి. ట్రామ్ పట్టాకు పై భాగంలోనే గాడి ఉంటుంది, చక్రం అంచు ఆ గాడిలో నడుస్తుంది, రోడ్డు మట్టానికి పైకి ఏదీ పొడుచుకురాదు. గాడి పట్టాలను రేవుల్లో, ఫ్యాక్టరీల్లో కూడా వాడారు కాబట్టి అది ఒక్కటే చాలదు, మలుపు కూడా చూడండి. 20 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోయే మలుపు రైలు వ్యాగన్లకు చాలా కష్టం, ట్రామ్‌కు మామూలు విషయం.

తర్వాత గేజ్ కొలవండి, అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. పట్టా తల మధ్య నుంచి మధ్యకు కొలిస్తే లెక్క తప్పుతుంది. 1435 మిల్లీమీటర్లైతే ప్రామాణిక గేజ్, 1000 మిల్లీమీటర్లైతే మీటర్ గేజ్, ఈ రెండూ ఎక్కువగా తగులుతాయి. లిస్బన్‌లో 900, టొరంటోలో 1495. గ్లాస్గోలో 1416 పెట్టడానికి చక్కటి కారణం ఉంది: రైలు వ్యాగన్ల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి, గేజ్ కొద్దిగా తగ్గిస్తే అవి గాడిలో తమ అంచుల మీదే దొర్లుతూ వెళ్లగలవు, అలా షిప్‌యార్డులకు సరుకు వ్యాగన్లు ట్రామ్ పట్టాల మీదే వెళ్లేవి. ఈ గేజ్ అంకె రాసి పెట్టుకోండి, బండ్లు ఎక్కడికి పోయాయో వెతికేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది. నడిరోడ్డు మీద టేపు పట్టుకుని కూర్చోవద్దు, వాహనాలు లేని వేళ ఇంకొకరిని కాపలా పెట్టి కొలవండి, లేదా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి.

రెండు పట్టాల మధ్య మూడో సన్న గీత కనిపిస్తే అదృష్టమే. అది నేల కింద కదిలే ఇనుప తాడు లాక్కెళ్లే కేబుల్ ట్రామ్ గాడి కావచ్చు, లేదా కరెంటును పైనుంచి కాకుండా నేల కింది కాలువ నుంచి తీసుకునే పద్ధతిది కావచ్చు. ఎడిన్‌బరోలో వాటర్లూ ప్లేస్ దగ్గర కేబుల్ పట్టా చిన్న ముక్క ఇప్పటికీ ఉంచారు. మద్రాసులో 1895 మే 7న మొదలైన ట్రామ్ తొలి రోజుల్లో నేల కింది కరెంటుతోనే నడిచింది, తర్వాతే పై తీగలకు మారింది, 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. లండన్‌లో అయితే కింగ్స్‌వే కింద 1906లో తెరిచిన ట్రామ్ సొరంగం ఉంది. దక్షిణ భాగాన్ని 1964లో కార్ల కోసం మార్చేశారు, ఉత్తరాన సౌతాంప్టన్ రో మధ్య నుంచి కిందికి దిగే వాలు మాత్రం ఇనుప కమ్మీల వెనక అలాగే ఉంది, పట్టాలు, మధ్య గాడి పేవ్‌మెంట్ మీద నిలబడే చూడొచ్చు.

బండ్లు ఎక్కడికి పోయాయి

ఇక్కడి నుంచి పని మారుతుంది, కాళ్లతో కాకుండా నంబర్లతో వెతకాలి. ముందు ఒక మాట: చాలా బండ్లు మిగల్లేదు. సిడ్నీలో 1961 ఫిబ్రవరి 25న చివరి ట్రామ్ నడిచింది, వందల బండ్లను రాండ్విక్ వర్క్‌షాపులో తగలబెట్టారు. లండన్‌వి చార్ల్‌టన్‌లోని పెన్‌హాల్ రోడ్ యార్డులో అలాగే కాలిపోయాయి. చెక్కను కాల్చేస్తే ఇనుము, రాగి, ఇత్తడి శుభ్రంగా చేతికొస్తాయి, అది వాళ్ల లెక్క. ఈ లెక్క తెలిస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, కానీ తెలియడం అవసరం, మీరు వెతికే బండి ఆ జాబితాలో లేదని ముందు తేల్చుకోవాలి.

తగలబెట్టకపోతే ఇంకో ఊరికి అమ్మి ఉండొచ్చు, అక్కడే గేజ్ పనికొస్తుంది. ఒకే గేజ్ ఉన్న ఊళ్ల జాబితా రాసుకుంటే సగం ప్రపంచం పక్కకు పోతుంది. జ్యూరిక్, ఉక్రెయిన్‌లోని విన్నిత్సియా రెండూ మీటర్ గేజే, 2007 నుంచి జ్యూరిక్ పాత బండ్లు విన్నిత్సియా వీధుల్లో నడుస్తున్నాయి. 1972లో కోపెన్‌హేగన్ ట్రామ్‌లు మూసేసినప్పుడు కొత్తగా ఉన్న బండ్లు అలెగ్జాండ్రియాకు వెళ్లాయి. క్యోటో, ఒసాకా, కోబే లైన్లు మూతపడినప్పుడు వాటి బండ్లను కొనుక్కున్నది హిరోషిమా, అందుకే అక్కడ వేర్వేరు ఊళ్ల పాత బండ్లు ఒకే పట్టాల మీద కనిపిస్తాయి. 1945 అణుబాంబు దాడిని తట్టుకుని నిలిచిన 651, 652 నంబరు బండ్లు కూడా అదే డిపోల్లో ఉన్నాయి. మిలాన్‌లో 1928 రకం బండ్లు 500కు పైగా తయారయ్యాయి, కొన్ని శాన్‌ఫ్రాన్సిస్కో ఎఫ్ లైనుకు వెళ్లాయి, మిలాన్‌లో ఉన్నవాటిలో చాలా ఇంకా జనాన్ని ఎక్కించుకుంటూనే ఉన్నాయి.

ఒక్కో బండికి ఒక్కో పేజీ పెట్టుకోండి: నంబరు, తయారీదారు, సంవత్సరం, ఏ తేదీన చివరిసారి ఎక్కడ కనిపించింది, ఆ మాట ఎవరు చెప్పారు. ఇక్కడ చిక్కు ఏంటంటే బండి ఒకటే అయినా నంబరు మారుతూ ఉంటుంది. ఫెల్తామ్ రకం ట్రామ్ ఒకటి మొదట 355, లండన్ ట్రాన్స్‌పోర్ట్‌కు వచ్చాక 2099, లీడ్స్‌కు అమ్మాక 501, చివరికి లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియానికి తిరిగొచ్చింది. దాని సోదర బండి ఒకటి లీడ్స్ నుంచి అట్లాంటిక్ దాటి అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని సీషోర్ ట్రాలీ మ్యూజియానికి చేరింది. ఒక్క నంబరు పట్టుకుని కూర్చుంటే ఈ దారి మధ్యలోనే తెగిపోతుంది, కాబట్టి నంబరు మారిన ప్రతి తేదీ రాయండి.

ఇంకో చిట్కా, దీన్ని చాలామంది పట్టించుకోరు: ప్రయాణికుల బండ్ల జాబితాతోపాటు పని బండ్ల జాబితా కూడా చూడండి. మంచు తోయడానికి, పట్టాలు కడగడానికి, ఇసుక మోయడానికి పాత ప్రయాణికుల బండ్లనే మార్చి వాడేవారు. వాటిని ఎవరూ ఫొటోలు తీయలేదు, కానీ వాటితో వాళ్లకు పని ఉంది కాబట్టి తోటి బండ్లు పోయాక కూడా ఏళ్ల తరబడి బతికాయి.

పెరట్లో దొరికే పెట్టెలు

చక్రాలు తీసేసిన చెక్క పెట్టెను నివాసంగా, షెడ్డుగా అమ్మేయడం చాలా దేశాల్లో జరిగింది. 1895లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కంపెనీ పాత గుర్రపు ట్రామ్ పెట్టెలను సీట్లతో 20 డాలర్లకు, సీట్లు లేకుండా 10 డాలర్లకు అమ్మకానికి పెట్టింది, సముద్రం ఒడ్డున వాటితో కార్‌విల్ అనే చిన్న ఊరే వెలిసింది. మెల్‌బోర్న్‌లో 1940లో కేబుల్ ట్రామ్‌లు ఆగిపోయాక వాటి పెట్టెలు కూడా ఇలాగే జనం పెరళ్లలోకి వెళ్లాయి. మూసివేత సమయంలోని స్థానిక పత్రికల్లో అమ్మకం ప్రకటనలు చదవండి, ఎన్ని పెట్టెలు, ఎక్కడికి చేర్చి ఇస్తారు అన్నది వాటిలో దొరకొచ్చు. తర్వాత ఆ చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి, పాత వైమానిక ఫొటోల్లో పొడవుగా, చివరలు గుండ్రంగా ఉన్న పైకప్పుల కోసం చూడండి.

పెట్టె దొరికితే దేన్నీ పీకకండి. యజమాని అనుమతి తీసుకున్నాకే లోపలికి వెళ్లండి, నేల చెక్క పుచ్చిపోయి ఉండొచ్చు, కాలు పెట్టేముందు కర్రతో తట్టి చూసుకోండి. ముందు కిటికీలు లెక్కపెట్టండి, తలుపు పక్కన ఉందా చివర ఉందా చూడండి, పైకప్పు వంపు ఫొటో తీయండి, వీటితోనే రకం చాలావరకు తేలుతుంది. నంబరు కోసం టార్చిని గోడకు ఆనించినట్టు పట్టుకుని వెలుగును పక్కనుంచి పడేలా చేయండి. ఎన్నిసార్లు రంగు వేసినా కింది అంకెల అంచులు సన్నటి గట్టులా పైకి తేలి కనిపించొచ్చు, ముఖ్యంగా బంగారు రేకుతో, నీడ గీతలతో రాసిన పాత అంకెలైతే. అప్పటికీ తెలియకపోతే, యజమాని ఒప్పుకుంటే, అంకె లేని ఒక మూల రూపాయి బిళ్లంత మేర నీటితో తడిపిన సన్న గరుకు కాగితంతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. పైన షెడ్డు రంగు, దాని కింద చివరి కంపెనీ రంగు, ఇంకా కింద దానికి ముందున్న రంగు, చెట్టు మొద్దులో వలయాల్లా ఒకదాని లోపల ఒకటి బయటపడతాయి, చివరికి బూడిద రంగు పూతా దాని కింద చెక్కా వస్తాయి. ఆ వరస ఫొటో తీస్తే ఏ ఊరి బండి, ఏ కాలందో తేల్చడానికి మ్యూజియం వాళ్లకు అదే చాలాసార్లు సరిపోతుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, అందుకే తడిపి రుద్దమన్నాను, మాస్కు తప్పనిసరి. పాత ఇన్సులేషన్ పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, వాటిని అసలు తాకకండి.

మ్యూజియానికి రాసేటప్పుడు అడగాల్సింది, ఈ రకం బండి ఇప్పటికే ఎక్కడైనా భద్రంగా ఉందా అని. ఉంటే వాళ్లకు ఆసక్తి తక్కువ, విడిభాగాల కోసం మాత్రం తీసుకోవచ్చు. లేకపోతే విషయం వేరు. ఇంగ్లండ్‌లో క్రిచ్ దగ్గర పాత రాతి క్వారీలో 1959 నుంచి పెరుగుతూ వచ్చిన జాతీయ ట్రామ్‌వే మ్యూజియం లాంటి చోట్ల పొలాల్లో దొరికిన పెట్టెలను మళ్లీ పట్టాలెక్కించారు. కానీ చక్రాలు, మోటార్లు, ఇరుసులు ఎప్పుడో తుక్కైపోయాయి కాబట్టి వాటిని ఇంకో ఊరి బండి నుంచి, అదే గేజ్‌లో వెతికి తేవాలి, ఇందుకు ఏళ్లు పడుతుంది. ఈలోగా పెట్టె ఉన్నచోటే ఉండనివ్వండి. చుట్టూ కట్టిన షెడ్డు గోడలే దాన్ని నిలబెడుతూ ఉండొచ్చు, వాటిని ముందు పడగొడితే పెట్టె నడుము విరుగుతుంది. పైన టార్పాలిన్ కప్పితే పైకప్పుకు అంటుకోకుండా మధ్య గాలి ఆడేలా చట్రం వేయండి, లేకపోతే లోపలి తేమకే చెక్క కుళ్లిపోతుంది. ఎవరూ తీసుకోవడానికి ముందుకు రాకపోతే, కొలతలు, కీళ్ల ఫొటోలు, రంగుల వరస, అట్టముక్క మీద గీసుకున్న పైకప్పు వంపు, ఇవన్నీ ఒక ఫైలు చేసి ఆ రకం బండ్ల మీద పనిచేసే మ్యూజియానికి పంపండి. రేపు అదే రకం ఇంకో పెట్టె ఎక్కడైనా దొరికినప్పుడు, అందులో పుచ్చిపోయిన భాగం ఎలా ఉండేదో మీ కొలతలు చూసే కట్టుకుంటారు.